వైజాగ్‌లో ఓకే... అరకులో తెల్లారేసరికి మొరాయిస్తుందేం?

పోయిన డిసెంబర్. తెల్లవారుజామున 3.40. అరకులో మేం దిగిన రూమ్ ముందు ఐదుగురం చేతులు నలుపుకుంటూ నిలబడ్డాం. ఫోన్‌లో 7 డిగ్రీలు చూపిస్తోంది. ప్లాన్ సింపుల్. నాలుగింటికల్లా బయల్దేరి పాడేరు చేరుకోవడం, అక్కడి నుంచి వంజంగి కొండెక్కి మేఘాల మీద సూర్యోదయం చూడటం. కారు మా ఫ్రెండ్ వాళ్ల నాన్నది. ఎనిమిదేళ్ల డీజిల్ బండి. ముందురోజు ఎస్.కోట దాటాక అనంతగిరి ఘాట్ మొత్తం కిక్కురుమనకుండా ఎక్కేసింది.

కీ తిప్పాడు. గు...ర్...ర్... గు...ర్... అంతే. మళ్లీ తిప్పాడు. ఈసారి ఇంకా నీరసంగా తిరిగింది. మూడోసారికి డ్యాష్‌బోర్డు లైట్లే మసకబారాయి. రాత్రి పన్నెండు దాకా అదే కారులో పాటలు పెట్టుకున్నామనీ, నాలుగు ఫోన్లు ఛార్జింగ్ పెట్టామనీ, రీల్స్ కోసం హెడ్‌లైట్లు వేసి ఉంచామనీ అప్పుడు గుర్తొచ్చింది.

పక్కింటి ముందు పాత జీపు. దుప్పటి కప్పుకుని ఒకాయన బయటికొచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. సంత రోజుల్లో జనాన్ని ఎక్కించుకుని తిరిగే జీపు ఆయనది.

"ఏటి బాబూ, అలా సెల్ఫు కొడతానే ఉంటే ఎలాగ? బేటరీ సచ్చిపోద్ది. ఆపండి ముందు" అన్నాడు.

"స్టార్ట్ అవట్లేదు బాబాయ్, చలికి ఇంజిన్ గడ్డకట్టేసినట్టుంది" అన్నాను.

ఆయన నవ్వాడు. ఆ నవ్వుకి కారణం నాకు వారం తర్వాత, వైజాగ్‌లో మెకానిక్ షెడ్డులో గానీ అర్థం కాలేదు.

చలి నేరం ఎంత?

అరకు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల పైన ఉంటుంది. చింతపల్లి వైపు లంబసింగి ఇంకాస్త ఎత్తు. దాన్ని స్థానికులు కొర్రబయలు అని కూడా అంటారు. బయట పడుకుంటే కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరు. డిసెంబర్, జనవరిల్లో ఈ కొండల మీద తెల్లవారుజామున సింగిల్ డిజిట్ ఉష్ణోగ్రతలు మామూలే. మనకి అది గడ్డకట్టే చలిలా ఉంటుంది. కానీ కారుకి? కాదు. లద్దాఖ్‌లో సున్నాకి ఇరవై, ముప్ఫై డిగ్రీలు కింద కూడా బళ్లు స్టార్ట్ అవుతున్నాయి. అక్కడి కోసం 2019లో ఇండియన్ ఆయిల్ మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని డీజిల్‌నే తెచ్చింది. ఆరోగ్యంగా ఉన్న ఏ కారైనా 5, 6 డిగ్రీల్లో ఒక్క సెల్ఫ్‌కి స్టార్ట్ అవ్వాలి. అవ్వలేదంటే బండిలో ముందే ఏదో లోపం ఉంది. వైజాగ్‌లో రాత్రి కూడా వెచ్చగా ఉంటుంది కాబట్టి అది బయటపడలేదు, అంతే.

ఇంకో తమాషా ఏంటంటే, బ్యాటరీని ఎక్కువగా పాడుచేసేది చలి కాదు, ఎండ. వేసవిలో బానెట్ కింద వేడికి బ్యాటరీలోని నీళ్లు ఆవిరవుతాయి, లోపలి ప్లేట్లు త్వరగా తినేస్తాయి. అయినా ఆ వేడిలో సెల్ఫ్ తిప్పడం తేలిక కనక బండి నడిచిపోతుంది. చలి ఒకేసారి రెండు వైపుల నుంచి దెబ్బ కొడుతుంది. సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి బ్యాటరీ బలం మూడో వంతు దాకా పడిపోతుంది. అదే సమయంలో ఇంజిన్ ఆయిల్ చిక్కబడి, తిప్పడానికి ఇంకా ఎక్కువ బలం కావాల్సి వస్తుంది. మే నెలలో మధురవాడ ఎండకి దెబ్బతిన్న బ్యాటరీ డిసెంబర్‌లో అరకులో దొరికిపోతుందన్నమాట.

ముందు చెవులు పెట్టండి

బానెట్ ఎత్తడానికి ముందే, సెల్ఫ్ కొట్టినప్పుడు వచ్చే చప్పుడు సగం కథ చెప్పేస్తుంది. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి పెట్టుకోండి. డ్యాష్‌బోర్డు, చప్పుడు, వీలైతే సైలెన్సర్ పొగ కూడా రికార్డయ్యేలా. ఎందుకో చివర్లో చెప్తా.

'టక్' అని ఒక్కసారి చప్పుడొచ్చి ఆగిపోయినా, 'టకటకటక' అని వరసగా కొట్టుకున్నా, మా బండిలా నీరసంగా మూలుగుతూ తిరిగినా అనుమానం కరెంటు మీదే. బ్యాటరీ, దాని టెర్మినల్స్, బాడీకి వెళ్లే ఎర్త్ వైరు, సెల్ఫ్ మోటార్, ఈ వరసలో చూడాలి. చాలామంది బ్యాటరీ మార్చేస్తారు గానీ టెర్మినల్స్‌కి పట్టిన తెల్లటి, పచ్చటి చిలుముని పట్టించుకోరు. లూజుగా ఉన్న ఒక్క క్లాంపు చాలు, కొత్త బ్యాటరీని కూడా పనికిరానిదిగా చూపించడానికి.

సెల్ఫ్ జోరుగా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే మాత్రం బ్యాటరీని తిట్టకండి. కరెంటు బాగానే ఉంది. ఇంధనం రావట్లేదో, వచ్చినా మండట్లేదో తేల్చుకోవాలి.

ఇక రెండు మూడు సెకన్లు తిరిగి, పట్టుకుని, వణికిపోతూ ఒక నిమిషానికి సర్దుకునే బళ్లుంటాయి. 'స్టార్ట్ అయిందిగా' అని అందరూ వదిలేసేది ఈ దశలోనే. వచ్చే ఏడాది పూర్తిగా ఆగిపోయేవి కూడా ఎక్కువగా ఇవే.

బ్యాటరీ పల్స్ చూడటం

మల్టీమీటర్ కొన్ని వందల రూపాయలకి దొరుకుతుంది. ఛార్జర్ సాకెట్లో గుచ్చే చిన్న వోల్ట్‌మీటర్లూ ఉన్నాయి, కొంచెం అటూఇటుగా చూపించినా పనికొస్తాయి. రాత్రంతా ఆగి ఉన్న కారు బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే ఫుల్ ఛార్జ్. 12.2 అంటే సగం. 12 దగ్గరుంటే కొండ మీద దాన్ని నమ్ముకోవద్దు.

అసలు పరీక్ష సెల్ఫ్ కొడుతున్నప్పుడు. ఆ కొద్ది సెకన్లలో వోల్టేజ్ 9.6 కంటే కిందికి జారిపోతుంటే బ్యాటరీ కాలం చెల్లినట్టే లెక్క. చలిలో ఇంకో పాయింటు, రెండు పాయింట్లు తగ్గినా తప్పు పట్టక్కర్లేదు. ఇంజిన్ స్టార్ట్ అయ్యాక 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే ఛార్జింగ్ బాగుంది. ఆగి ఉన్నప్పుడు 12.6 చూపించి, సెల్ఫ్ కొట్టగానే 8కి పడిపోయే బ్యాటరీలు బోలెడు. పైకి పహిల్వాన్, బరువెత్తమంటే చేతులెత్తేసే రకం. అందుకే 'వోల్టేజ్ బానే ఉంది సార్' అన్న మాట వినగానే సంతృప్తి పడొద్దు.

సిగ్నల్ దగ్గర దానంతటదే ఆగి స్టార్ట్ అయ్యే కార్లకి ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకం బ్యాటరీ ఉండాలి. చవగ్గా వస్తోందని మామూలుది బిగిస్తే ఏడాదిలోనే నీరసపడుతుంది. రాత్రంతా వెలుగుతూ ఉండే డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్ లాంటివీ కొంచెం కొంచెంగా కరెంటు లాగుతుంటాయి.

జీపు బాబాయ్ దగ్గర జంపర్ కేబుళ్లున్నాయి. తగిలించే పద్ధతి చూపించాడు. ఎర్ర కేబుల్ ముందు మా బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస జీపు ప్లస్‌కి. నల్ల కేబుల్ జీపు మైనస్‌కి, దాని రెండో కొస మా బ్యాటరీకి కాదు, దూరంగా ఇంజిన్ మీద పెయింట్ లేని ఇనప భాగానికి. చివర్లో తగిలించేచోట నిప్పురవ్వ వస్తుంది. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ గ్యాస్ వస్తుంటుంది. ఆ రెండూ ఒకచోట కలవకూడదు.

ఈసారి సెల్ఫ్ జుయ్యిమని తిరిగింది. అయినా ఇంజిన్ అందుకోలేదు! సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ, ఘాటైన పచ్చి డీజిల్ వాసన.

"హీటర్ ఏసేవా?" అన్నాడు బాబాయ్.

మా వాడు ఏసీ కంట్రోల్ వైపు చూశాడు.

డీజిల్ బండి: పొగ చెప్పే మాట

పెట్రోల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ నిప్పు పెడుతుంది. డీజిల్‌లో ఆ ప్లగ్ ఉండదు. గాలిని 16, 18 రెట్లు నొక్కేసరికి అది భగభగా వేడెక్కుతుంది. ఆ వేడిలోకి డీజిల్ చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. చల్లటి ఇంజిన్‌లో ఆ వేడిని చుట్టూ ఉన్న ఇనుము లాగేసుకుంటుంది. దానికి తోడు 900 మీటర్ల ఎత్తులో గాలే దాదాపు పదో వంతు పలచన. నొక్కడానికి సరుకు తక్కువ. అందుకే సిలిండర్‌కొక చిన్న హీటర్ ప్లగ్ పెడతారు. దాని కొస కొన్ని సెకన్లలోనే 800 డిగ్రీలు దాటి ఎర్రగా కాలుతుంది. కీ ఆన్ చేయగానే డ్యాష్‌బోర్డులో స్ప్రింగ్ చుట్టలాంటి పసుపు బొమ్మ వెలుగుతుందే, అది 'హీటర్ పని చేస్తోంది, ఆగు' అని చెప్పడం. అది ఆరిపోయాకే సెల్ఫ్ కొట్టాలి. వైజాగ్‌లో ఆ బొమ్మ కనిపించీ కనిపించకుండానే పోతుంది కాబట్టి దాని కోసం ఆగడం మా వాడికి అలవాటే లేదు.

బాబాయ్ మూడుసార్లు కీ ఆన్ చేయించాడు. ప్రతిసారీ బొమ్మ ఆరేదాకా ఆగడం, సెల్ఫ్ కొట్టకుండా ఆఫ్ చేయడం. నాలుగోసారి సెల్ఫ్ కొట్టమన్నాడు. బండి దడదడలాడుతూ, తెల్లపొగ కక్కుతూ లేచింది. రెండు నిమిషాలకి సర్దుకుంది.

ఇక్కడ పొగ గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. సెల్ఫ్ తిరుగుతూ తెల్లపొగ, పచ్చి డీజిల్ వాసన వస్తే డీజిల్ అందుతోంది, కానీ మండట్లేదు. హీటర్ ప్లగ్గులు, వాటి రిలే, నాజిల్స్, బాగా తిరిగిన ఇంజిన్ అయితే కంప్రెషన్ చూడాలి. అసలు పొగే రాకపోతే డీజిల్ లోపలికి వెళ్లట్లేదు. ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, పైపులో గాలి పట్టి ఉండొచ్చు. తెల్లపొగ తియ్యటి వాసనతో ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకపోతే అది వేరే రోగం. కూలెంట్ లోపలికి కారుతోంది, బండి ఆపి మెకానిక్‌ని పిలవాల్సిందే.

గాలి పట్టడం అన్నదానికి కొండ మీద ఒక మంచి పరీక్ష ఉంది. ఒక రాత్రి బండి ముక్కు ఎగువకి పెట్టి, ఇంకో రాత్రి దిగువకి పెట్టి చూడండి. ఒకవైపు పెట్టినప్పుడే పొద్దున్నే మొరాయిస్తోందంటే, డీజిల్ రాత్రంతా ట్యాంకు వైపు వెనక్కి జారిపోతోందని అనుమానించొచ్చు. ఫిల్టర్ దగ్గర ఓ-రింగో, పైపు క్లిప్పో లూజు. ఫిల్టర్ మీద చేత్తో నొక్కే ప్రైమింగ్ పంపు ఉండి, నాలుగుసార్లు నొక్కగానే స్టార్ట్ అయిందా? ఇక అనుమానమే అక్కర్లేదు.

'డీజిల్ గడ్డకట్టింది' అనే మాట మన దగ్గర అంత తేలిగ్గా నమ్మక్కర్లేదు. కానీ పూర్తిగా కొట్టిపారేయలేం కూడా. మన దేశ ప్రమాణాల ప్రకారం డీజిల్‌లో మైనం పేరుకుని ఫిల్టర్‌కి అడ్డుపడటం మొదలయ్యే ఉష్ణోగ్రత చలికాలపు సరుకుకి 6 డిగ్రీలు, వేసవి సరుకుకి 18 డిగ్రీలు మించకూడదు. అది గరిష్ఠ పరిమితి. చాలాసార్లు అసలు సరుకు ఇంతకంటే మెరుగ్గానే ఉంటుంది. కాకపోతే నెలల తరబడి ఇంట్లో పెట్టి, ఎండాకాలం కొట్టించిన ట్యాంకుతో డిసెంబర్‌లో లంబసింగి వెళ్తే రిస్కే. కొండ ఎక్కేముందు కొత్త డీజిల్ కొట్టించుకుంటే ఆ గొడవ తీరిపోతుంది.

పెట్రోల్ వాళ్లకి ఫోనే స్టెతస్కోప్

పెట్రోల్ చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా ఆవిరి కాదు. అందుకే చల్లటి ఇంజిన్‌కి కాస్త ఎక్కువ పెట్రోల్ పోయాలి. పాత బళ్లలో చోక్ లాగేవాళ్లం. ఇప్పుడా పని ఈసీయూ చేస్తుంది. ఇంజిన్ ఎంత చల్లగా ఉందో దానికి చెప్పేది కూలెంట్ టెంపరేచర్ సెన్సర్. అది అబద్ధం చెప్తే? బయట 7 డిగ్రీలుంటే '70 డిగ్రీలు, ఇంజిన్ వేడిగా ఉంది' అని చెప్పిందనుకోండి, ఈసీయూ పెట్రోల్ తగ్గించేస్తుంది. సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, బండి లేవదు.

దీన్ని పట్టుకోవడం మన జనరేషన్‌కి చాలా ఈజీ. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టుకి బ్లూటూత్ డాంగిల్ పెట్టి, ఫోన్ యాప్‌లో చూడాలి. చేయాల్సింది పొద్దున్నే, సెల్ఫ్ కొట్టకముందు. కీ ఆన్ చేసి కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి వెళ్లే గాలి ఉష్ణోగ్రత రెండూ చదవండి. రాత్రంతా ఆగిన బండిలో రెండూ దాదాపు ఒకటే ఉండాలి, బయటి చలికి దగ్గరగా ఉండాలి. ఒకటి 8, ఇంకొకటి 45 చూపిస్తే దొంగ దొరికినట్టే. పీ0117, పీ0118 కోడ్‌లు కూడా ఈ సెన్సర్ సర్క్యూట్‌వే. అయితే కోడ్ లేదు కాబట్టి సెన్సర్ మంచిదే అనుకోవద్దు. నమ్మదగిన అబద్ధం చెప్పే సెన్సర్‌కి కోడ్ రాకపోవచ్చు.

డాంగిల్ లేకపోతే చెవితోనే ఇంకో పరీక్ష. కీ ఆన్ చేస్తే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లు పంపు 'జ్‌ఝ్' అంటుంది. ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి, మొత్తం మూడుసార్లు. తర్వాత సెల్ఫ్ కొడితే టక్కున అందుకుందా? అయితే రాత్రిపూట పెట్రోల్ ప్రెషర్ జారిపోతోంది. పంపులోని వాల్వో, కారుతున్న ఇంజెక్టరో చూపించుకోవాలి. ఎక్కువసార్లు కొట్టి పెట్రోల్ వాసన గుప్పుమంటుంటే ప్లగ్గులు తడిసిపోయాయి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొడితే చాలా కార్లలో పెట్రోల్ ఆగి, గాలి మాత్రమే వెళ్లి ఆరబెడుతుంది. పాత స్పార్క్ ప్లగ్గులు, మసి పట్టిన థ్రాటిల్ బాడీ ఎలాగూ అనుమానితుల జాబితాలో ఉంటాయి.

ఆయిల్ గురించి ఒక్క మాట. 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి ఆయిల్ పోసినవాళ్లకి సెల్ఫ్ కాస్త బరువుగా తిరగొచ్చు. కంపెనీ పుస్తకంలో ఉన్న గ్రేడే పోయండి. కానీ అరకు చలికి ఆయిల్ ఒక్కటే బండిని ఆపేయడం అరుదు.

చేయకూడనివి

సెల్ఫ్ ఒకసారికి పది సెకన్లు మించి కొట్టొద్దు, మధ్యలో కనీసం అర నిమిషం ఆగండి. మోటార్ కాలిపోతే అరకులో ఆదివారం పూట స్పేర్ వెతుక్కోవడం మామూలు కష్టం కాదు. ఇంజిన్ కింద మంట పెట్టి వెచ్చబెట్టే ప్రయోగాలు వద్దు. హీటర్ ప్లగ్గులున్న డీజిల్ బండిలో స్టార్టింగ్ స్ప్రే కొట్టడం ఇంకా ప్రమాదం, ఎర్రగా కాలే ప్లగ్ మీద ఆ ఆవిరి పేలుతుంది. ఘాట్‌లో 'డౌన్‌లో వదిలి గేరేద్దాం' అనేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి. ఇంజిన్ ఆఫ్‌లో ఉంటే బ్రేక్‌కి బూస్టర్ సాయం ఒకట్రెండు నొక్కులకే అయిపోతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. అనంతగిరి మలుపుల్లో అది ప్రాణాలతో ఆట. ఆటోమేటిక్ కార్లయితే తోసినా స్టార్ట్ కావు. స్టార్ట్ అయ్యాక అద్దాలు మూసుకుని, ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని లోపల నిద్రపోవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

బాబాయ్ మాత్రం తన జీపుని రాత్రుళ్లు వాలులోనే పెడతాడు. బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టుకుంటాడట, చలికి దిగిపోకుండా. "రోజూ ఇంత కష్టం ఎందుకు బాబాయ్?" అంటే, టీ తాగుతూ చెప్పాడు. "మీకు సూర్యుడు రేపూ వస్తాడు బాబూ. నాకు అర్ధరాత్రి ఫోనొస్తే బండి అప్పుడే లెగాల." కొండ మీద ఊళ్ల నుంచి నొప్పులొచ్చినవాళ్లని డోలీలో మోసుకుని రోడ్డు దాకా దింపుతారు. 108 వచ్చే దారి లేని చోటికి బైకులతో నడిచే ఫీడర్ అంబులెన్సులు పెట్టినా, డోలీల వార్తలు ఈ జిల్లా నుంచి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. రోడ్డు దాకా దిగాక దగ్గర్లో ఉన్నది జీపే అయితే, అది స్టార్ట్ కావాలి. దుప్పటి కప్పుకుని మా కోసం లేచి వచ్చిన మనిషి అలాంటి రాత్రులు ఎన్ని చూశాడో మేం అడగలేదు. డబ్బులిస్తే తీసుకోలేదు, టీ మాత్రం ఇంకోటి చెప్పమన్నాడు.

వైజాగ్ వచ్చాక

ఇక్కడ అందరూ చేసే తప్పే మేమూ చేశాం. మధ్యాహ్నం బండి నడుపుకుంటూ షెడ్డుకి వెళ్లాం. ఇంజిన్ వేడిగా ఉంది. మెకానిక్ కీ తిప్పాడు, టక్కున స్టార్ట్ అయింది. "ఏమీ లేదు సార్, బానే ఉంది" అన్నాడు. ఆయన తప్పేం లేదు, రోగం చల్లటి ఇంజిన్‌లో ఉంది, ఆయనకి మేం చూపించింది వేడి ఇంజిన్. అప్పుడు అరకులో తీసిన వీడియో చూపించాం. తెల్లపొగ చూడగానే ముఖం మారింది. "రాత్రికి ఇక్కడే వదిలెయ్యండి, పొద్దున్నే చూస్తా" అన్నాడు. మీ మెకానిక్‌ని కూడా ఇదే అడగండి, వీడియో చూపించి మరీ.

పొద్దున్న ఏడింటికి ఫోన్. నాలుగు హీటర్ ప్లగ్గుల్లో మూడు పోయాయి. మల్టీమీటర్ పెడితే మంచి ప్లగ్ ఒక ఓమ్ అటూఇటుగా చూపిస్తుంది, పోయింది అసలేమీ చూపించదు. వైజాగ్ వాతావరణంలో ఆ మిగిలిన ఒక్క ప్లగ్గుతోనే, ఎన్ని నెలలుగానో తెలీదు, బండి లాక్కొచ్చేసింది. బ్యాటరీకి నాలుగేళ్లు, సెల్ఫ్ కొడితే 8.9కి పడిపోతోంది. పాటలు పెట్టకపోయినా ఆ రోజు ఇబ్బంది పడేవాళ్లమే. నాలుగు ప్లగ్గులూ, బ్యాటరీ మార్పించాం. వాళ్ల నాన్నకి బిల్లు చూపించే బాధ్యత ఎవరిదన్నదాని మీద వారం రోజులు గొడవ.

జనవరిలో మళ్లీ వెళ్లాం. అదే రూమ్, అదే టైమ్, 6 డిగ్రీలు. స్ప్రింగ్ బొమ్మ ఆరేదాకా ఆగి కీ తిప్పాడు, ఒక్క సెల్ఫ్‌కే లేచింది. బాబాయ్ జీపు అప్పటికే అక్కడ లేదు. టైముకి వంజంగి కొండెక్కాం. ఆ రోజు మేఘాలు రాలేదు.